కవళ్ల రాకడ, వలల పోకడ

2012లో కేరళ రేవుల్లో దిగిన నూనె కవళ్లు దాదాపు 4 లక్షల టన్నులు. 2021లో అవే రేవుల్లో దిగినవి 3,297 టన్నులు. వంద గంపలు దిగిన చోట ఒక్క గంప కూడా నిండలేదన్నమాట. ఇక ఆ చేప పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 2023లో, లెక్క మళ్లీ 1.38 లక్షల టన్నులకు చేరింది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) ఏటా రేవు రేవునా నమూనాలు తీసి వేసే అంచనాలివి. ఇంతలా పడి ఇంతలా లేచే పంట మన నేల మీద ఏదీ లేదు. ఈ ఎగుడుదిగుళ్లకు కారణం సముద్రమా, వలా అన్న తగువు నూట యాభై ఏళ్లు దాటినా తెగలేదు. సముద్రమేనన్న వాళ్లు వలల మీద ఆంక్షలు దండగ అంటారు. వలేనన్న వాళ్లు పెద్ద వలలు ఆపేస్తే చేప దానంతటదే వస్తుందంటారు. దొరికిన ఆధారాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ సగం ప్రశ్నకే జవాబు చెబుతున్నారని తేలుతుంది. ఏ ఏడు ఎంత చేప పుడుతుందన్నది చాలావరకు సముద్రం చేతిలో ఉంది. చెడ్డ ఏడు ఎంత చెడ్డగా తయారవుతుంది, ఎన్నాళ్లు సాగుతుంది, ఆ దెబ్బ ఎవరి మీద పడుతుంది అన్నవి మాత్రం మన చేతిలో ఉన్నాయి. మన చట్టాలు ఈ రెండో ప్రశ్నను అసలు పట్టించుకోలేదన్నది ఈ వ్యాసం వాదన.

ముందు చేప సంగతి. శాస్త్రవేత్తలు సార్డినెల్లా లాంజిసెప్స్ అనే ఈ చేపను మలయాళీలు మత్తి అనీ, చాళ అనీ, మంగళూరు వైపు భూతాయి అనీ, మనవాళ్లు నూనె కవళ్లు అనీ అంటారు. జానెడుకు కాస్త లోపు పొడవు, వెండి పొట్ట, నీలిపచ్చ వీపు. వానలు వెనకబట్టాక పట్టిన కవళ్లను పెనం మీద వేస్తే వేరే నూనె పెద్దగా అక్కర్లేదు, దాని కొవ్వులోనే అది వేగుతుంది. ఆ కొవ్వంతా డయాటమ్‌లనే కంటికి కనపడని నాచుకణాల పుణ్యం. జూన్‌లో నైరుతి గాలులు మొదలయ్యాక పడమటి తీరం పక్కనుండే పైనీరు లోతు సముద్రం వైపు జరుగుతుంది, దాని చోటులోకి అడుగునుంచి చల్లని, సారవంతమైన నీరు ఉబుకుతుంది. ఆ సారానికి డయాటమ్‌లు విరగబూస్తాయి, వాటి కోసం కవళ్లు గుంపులు గుంపులుగా ఒడ్డుకు చేరతాయి. గుడ్లు పెట్టేదీ జూన్ నుంచి సెప్టెంబరు మధ్యనే. పిల్ల ఏడాది తిరిగేసరికి 15 సెంటీమీటర్ల దాకా ఎదిగి తానూ గుడ్లకొస్తుంది. బతికేది మొత్తం మీద రెండు, రెండున్నర ఏళ్లు. ఈ ఆయుర్దాయమే మొత్తం కథకు మూలం. ఇరవై ఏళ్లు బతికే చేప అయితే ఒక ఏడు గుడ్లు చెడినా ముసలి చేపలు మిగిలి ఉంటాయి, మరుసటి ఏడు మళ్లీ పెడతాయి. కవళ్లకు అలాంటి నిల్వ లేదు. ఈ ఏడు వలలో పడేది నిరుడు పుట్టిన చేప, లేదా ఈ ఏడే పుట్టిన పిల్ల. వరసగా రెండేళ్లు గాలి తప్పితే సముద్రంలో కవళ్ల జాతే పలచబడిపోతుంది.

సముద్రమే కారణమన్న పక్షానికి చరిత్ర గట్టి సాక్ష్యం ఇస్తుంది. మలబారు చేపల గురించి ఫ్రాన్సిస్ డే 1865లో పుస్తకం వేసేనాటికే, ఈ చేప కొన్నేళ్లు కుప్పలుగా వచ్చి కొన్నేళ్లు మొహం చాటేస్తుందని తెలుసు. అప్పటికి ఇంజన్ పడవ లేదు, నైలాన్ వల లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రెడరిక్ నికల్సన్ చొరవతో మద్రాసు ప్రభుత్వం చేపల శాఖ పెట్టి కవళ్ల నుంచి నూనె, ఎరువు తీసే పద్ధతిని నేర్పితే మలబారు, దక్షిణ కన్నడ తీరాల్లో చిన్న చిన్న కార్ఖానాలు వందల్లో లేచాయి. 1940ల తొలి ఏళ్లలో చేప పడిపోయింది. పిల్ల చేపల్ని పట్టేయడం వల్లేనని భావించి 1943లో ప్రభుత్వం కొన్ని రకాల వలల మీద, చిన్న కవళ్ల వేట మీద ఆంక్షలు పెట్టింది. చేప తిరిగి రాలేదు, కొన్నేళ్లకు ఆంక్షలే ఎత్తేశారు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన సాక్ష్యం ఇంకా బలమైనది. శాంటా బార్బరా దగ్గర సముద్రగర్భంలో పొరలు పొరలుగా పేరుకున్న బురదలోంచి చేప పొలుసులు ఏరి లెక్కపెట్టిన శాస్త్రవేత్తలు, సుమారు 1,700 ఏళ్లలో కవళ్లకు చుట్టమైన అక్కడి సార్డిన్ చేప పదేపదే కనుమరుగై పదేపదే తిరిగొచ్చిందని తేల్చారు. వాటిలో చాలా సార్లు ఆ తీరంలో చెప్పుకోదగ్గ వేటే లేదు. ఇదంతా చదివాక కవళ్లు తగ్గిన ప్రతిసారీ వలనే దోషిగా నిలబెట్టడం కష్టం.

అయితే అదే కాలిఫోర్నియా కథలో రెండో భాగం కూడా ఉంది, దాన్ని తరచు మరిచిపోతాం. 1930లలో అక్కడ ఏడాదికి 5 లక్షల టన్నులకు పైగా పట్టి డబ్బాల్లోకి, ఎరువులోకి పంపారు. చల్లని నీటి కాలం వచ్చి చేప సహజంగా తగ్గడం మొదలయ్యాక కూడా పడవలు ఆగలేదు. చివరికి 1967లో రాష్ట్రం వేటనే నిషేధించాల్సి వచ్చింది, కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. పెరూ తీరంలోనూ అంతే. 1970లో కోటి టన్నులు దాటి పట్టిన ఆంకోవెటా అనే చిన్న చేప, సముద్రం వేడెక్కే 1972-73 ఎల్ నినో దెబ్బకు కుప్పకూలింది. ప్రపంచంలోని ఇలాంటి చిన్న చేపల జాతుల లెక్కల్ని ఒకచోట చేర్చి చూసిన ఒక అధ్యయనం 2015లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. కుప్పకూలిన జాతులన్నిట్లో మూడు లక్షణాలు కలిసి కనపడ్డాయని దాని సారాంశం: అంతకుముందు కొన్నేళ్లుగా గట్టి వేట, ఆ తర్వాత సహజ ఉత్పాదకత హఠాత్తుగా పడిపోవడం, అది తెలిశాక కూడా వేట తగ్గించడంలో ఆలస్యం. కేరళ అంకెలు ఈ మూడింటికీ సరిగ్గా అతుకుతాయి. 2012 దాకా పెరుగుతూ పోయిన వేట, 2015-16 ఎల్ నినో, ఆ తర్వాత కూడా అదే సంఖ్యలో, ఇంకా పెద్దవవుతున్న పడవలు. 2015లో పెట్టిన కనీస పరిమాణమేమో 10 సెంటీమీటర్లు. గుడ్లకొచ్చే పొడవు 15. చట్టబద్ధంగా పట్టిన కవళ్లలో ఎన్నో ఒక్కసారీ గుడ్లు పెట్టకుండానే గంపకెక్కుతాయి.

ఇక్కడ వల గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గొడవంతా దాని చుట్టూనే. రింగు వల కేరళకు 1980ల మధ్యలో వచ్చింది. గుంపు కనపడగానే పడవ దాని చుట్టూ వలను గోడలా దింపుకుంటూ తిరుగుతుంది. అడుగు అంచున వరసగా రింగులు, వాటిలోంచి ఒకే తాడు. ఆ తాడు లాగితే కింద మూతి బిగుసుకుని గుంపు మొత్తం సంచిలో చిక్కుతుంది. మొదట్లో ఇది ట్రాలర్లకు పోటీగా సంప్రదాయ జాలర్లు సంపాదించుకున్న ఆయుధం, కమ్యూనిటీలు చందాలేసుకుని కొన్న వల. పోను పోను అర కిలోమీటరు దాటిన వలలు, ముప్పై నలభై మంది కూలీలు, లారీ ఇంజన్లు, కోటికి చేరువయ్యే పెట్టుబడులు వచ్చాయి. కేరళలో వానాకాలం 52 రోజులు ట్రాలింగ్ నిషేధం. ఆ రోజుల్లో పైనీటి చేపల్ని పట్టుకునే హక్కును సంప్రదాయ జాలర్లకు 2007 చట్టం ఇచ్చింది. నిరుపేదకు వానాకాలం కూడు దొరకాలన్న ఉద్దేశం మంచిదే. కానీ కవళ్లు గుడ్లు పెట్టేది ఆ నెలల్లోనే, ఆ హక్కును ఎక్కువగా వాడుకునేది పెద్ద రింగు వలే. సంప్రదాయం అన్న మాట వల పరిమాణం మీద కాకుండా వల యజమాని పుట్టుక మీద ఆధారపడితే ఇలాగే అవుతుంది. ఈ మాటతో మత్స్యకార సంఘాలకు కోపం రావచ్చు, కానీ వాళ్ల లోపలే ఈ వాదన ఎప్పటినుంచో నడుస్తోంది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో ఒకటి నిజంగా బలమైనది. వలలు తగ్గలేదు, నిబంధనలు పెద్దగా మారలేదు, అయినా 2022 నుంచి చేప తిరిగొచ్చింది కదా, మరి వలను తప్పుపట్టడం ఎందుకు? పైగా ఇంత తక్కువ ఆయుష్షున్న చేప మనం పట్టకపోయినా వంజరానికో, సూరకో, సొరకో, ముసలితనానికో పోయేదే, వదిలేస్తే నష్టం ఎవరికి? 2024-25 అనుభవం ఈ వాదనకు ఇంకా బలం ఇస్తుంది. 2024 మధ్యలో, కొరత కాలంలో, కేరళలో కిలో 400 రూపాయల దాకా పలికిన మత్తి, తర్వాత కొన్ని నెలల్లో 20, 30 రూపాయలకు దిగింది. ఆ ఏడు అడుగునీరు బాగా ఉబికి, పిల్లలు లెక్కకు మించి బతికి, తిండికి పోటీ పడి, మామూలు పొడవుకు చేరకముందే ఎదుగుదల ఆగిందని సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు చెప్పారు. అలాంటి ఏడు పట్టడమే మేలని ఎవరైనా అంటే కాదనలేం. ఒప్పుకోవాల్సిందే: మంచి ఏడు వలకు పెద్దగా పట్టింపు అక్కర్లేదు. కానీ ఈ వాదన చెడ్డ ఏటికి పనికిరాదు. గుడ్లు పెట్టే చేప ఒక హద్దు కన్నా తగ్గినప్పుడు, మంచి గాలి వచ్చిన ఏడు కూడా దాన్ని అందిపుచ్చుకోవడానికి తగినన్ని గుడ్లు ఉండవు. 2016లో 46 వేల టన్నులకు పడి, 2017లో 1.27 లక్షలకు లేచి, అక్కడి నుంచి వరసగా నాలుగేళ్లు జారి 2021 దాకా వచ్చిన లెక్కను చూడండి. మధ్యలో సముద్రం ఒక అవకాశం ఇచ్చింది. అలా లేచిన చేపను లేచినట్టే పట్టేశాం. ఆ ఏడు కొంత వదిలి ఉంటే గుంత ఇంత లోతుగా ఉండేదా అని అడగడం న్యాయమే. ఉండేది కాదని రుజువు చేయలేం, నిజమే. కానీ ఎటూ రుజువు లేనప్పుడు, నష్టం తేలిగ్గా తిరిగి పూడే వైపే పొరపాటు చేయడం మంచిది. కొన్నాళ్ల వేట పోతే చేప నీళ్లలోనే ఉంటుంది. గుడ్లు పోతే ఏళ్లు పోతాయి.

ఇంతకీ ఆ గుంతలో పడింది ఎవరు? 2014లో కేరళలో ఈ చేప విలువ 608 కోట్ల రూపాయలు, 2021లో 30 కోట్లు. టన్నులు తగ్గినంతగా డబ్బు తగ్గలేదు, ఇరవయ్యో వంతు దగ్గరే ఆగింది, కొరతకు ధర పెరగబట్టి. ఆ పెరిగిన ధర వల్ల పట్టినవాడికి కొంత ఊరట దక్కింది. గంప నెత్తినెత్తుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మే ఆడవాళ్లకు ఊరట ఏమీ లేదు, వాళ్లకు అమ్మడానికి చేపే లేదు. పెద్ద వలల మీద పని చేసే కూలీలు వాటాకు పనిచేస్తారు, జీతానికి కాదు. చేప పడని రోజు వాటా సున్నా. వల యజమాని షావుకారు దగ్గర, వేలం దళారి దగ్గర తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగదు. వడ్డీ కట్టడానికి పడవ మళ్లీ వేటకెళ్లక తప్పదు, తక్కువున్న చేపనే ఇంకా గట్టిగా వెతకాల్సి వస్తుంది. చెడ్డ ఏడు వేట తగ్గకపోవడానికి అత్యాశ కన్నా ఈ అప్పే పెద్ద కారణం. చేపను కాపాడాలని చెప్పే వ్యాసాలు చాలావరకు ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి, అసలు చిక్కు ముడి పడింది ఇక్కడే అయినా.

తెలుగు తీరానికి ఈ కథతో చుట్టరికం ఎక్కువే. 1980ల దాకా నూనె కవళ్లు ప్రధానంగా మలబారు చేప, మనకు దొరికేవి ఎక్కువగా ఇతర కవళ్ల జాతులు. ఆ తర్వాత అవి తమిళనాడు మీదుగా తూర్పు తీరానికి, పడమట గుజరాత్ వైపుకు విస్తరించాయి. సముద్రం వేడెక్కడంతో ముడిపడిన మార్పుగా సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు దీన్ని చూశారు. చేప వెనకే వల కూడా వచ్చింది. 2022 జనవరిలో విశాఖపట్నం దగ్గర రింగు వలల మీద రెండు వర్గాల జాలర్లు సముద్రంలోనే కొట్టుకుని పడవలు తగలబెట్టుకున్న సంగతి పేపర్లు చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రింగు వల వేసేవాళ్లు తమకూ బతకడానికి అదే దారి అన్నారు, తెప్పల వాళ్లు గుంపు మొత్తం వాళ్లే ఊడ్చేస్తే తమ వలకేం మిగులుతుందన్నారు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదని 1994 నాటి రాష్ట్ర చట్టం. గొడవ ఆ గీత ఎక్కడుందన్న దాని చుట్టూ తిరిగి సద్దుమణిగింది. తమిళనాడులోనూ అంతే: 2023 జనవరిలో సుప్రీంకోర్టు, రింగు వల లాంటి పర్స్ సీన్ వల వేసే పడవలకు 12 నాటికల్ మైళ్ల అవతల, వారానికి రెండు రోజులు మధ్యంతర అనుమతి ఇచ్చింది. గీతలు, రోజులు. ఈ ఏడు నీళ్లలో ఎంత చేప ఉందన్న ప్రశ్న ఏ ఉత్తర్వులోనూ లేదు. కవళ్లకేమో గీతలు తెలియవు, ఒడ్డుకు వచ్చే ఏడు తెప్పల దగ్గరకే వస్తాయి, రాని ఏడు ఎవరికీ రావు.

రెండో చుట్టరికం రొయ్యల చెరువులతో. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో చెరువులు ఎలా పెరిగాయో చెప్పనక్కర్లేదు. రొయ్య మేతలో చేపపిండి, చేపనూనె ముఖ్యమైన దినుసులు, కర్ణాటక తీరంలోని పిండి మిల్లులకు కవళ్లు ఇష్టమైన సరుకు. కిలో ఇరవై రూపాయలకు దిగిన పిల్ల కవళ్లను మనిషి కొనడు, మిల్లు కొంటుంది. మిల్లు ఉన్నంత కాలం ఎంత చిన్న చేపకైనా కొనేవాడుంటాడు కాబట్టి పిల్ల చేపను వదిలేయమన్న నిబంధనకు బజారులోనే గొయ్యి తవ్వినట్టవుతుంది. వంద ఏళ్ల కిందటి నూనె, ఎరువు కార్ఖానాలు చేసిన పనే ఇప్పుడు ఈ మిల్లులు చేస్తున్నాయి. నిబంధనను పడవ మీద అమలు చేయడం కష్టమే, వందల రేవులు, వేల పడవలు. మిల్లులు మాత్రం పడవలతో పోలిస్తే చాలా తక్కువ, వాటి గేటు దగ్గర చేప పొడవు కొలవడం అంత కష్టం కాదు. అక్కడ పట్టు బిగించకుండా జాలరి మీద జరిమానాలు వేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

మరి ఏటేటా మారే చేపకు ఏటేటా మారే నిబంధన సాధ్యమా? దక్షిణాఫ్రికా 1980ల నుంచి చేస్తున్న పని అదే. ఓడలు శబ్ద తరంగాలతో సముద్రంలో పిల్ల చేపల్ని అంచనా కడతాయి. ఆంకోవీ అనే చిన్న చేపకు కోటా ఏడాది మొదట తక్కువగా పెట్టి, పిల్లల లెక్క వచ్చాక పెంచుతారు. అక్కడ కంపెనీ పడవలు కొన్నే, ఇక్కడ లక్షల మంది, కోటా పంచడం మన వల్ల కాదన్న అభ్యంతరం సబబే. కానీ మనకు కోటా అక్కర్లేదు, ఒక హెచ్చరిక స్థాయి ఉంటే చాలు. సమాచారం ఇప్పటికే చేతిలో ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు పంపే క్లోరోఫిల్, నీటి వేడి లెక్కలతో చేప ఎక్కడ దొరుకుతుందో జాలర్లకు రోజూ చెబుతోంది. అడుగునీరు ఏ ఏడు బాగా ఉబికింది, ఏ ఏడు ఉబకలేదు అన్నది ఆ లెక్కల్లోనే ఉంది. చేపను ఎక్కడ పట్టాలో చెప్పే యంత్రాంగమే, సీఎంఎఫ్‌ఆర్‌ఐ రేవు లెక్కలతో కలిసి, ఈ ఏడు కాస్త ఆపమని చెప్పడానికీ పనికొస్తుంది. వరసగా రెండు వానాకాలాలు చెడితే మరుసటి జూన్ నుంచి గుడ్ల కాలం కొన్ని వారాలు రింగు వలలన్నీ ఆగాలి, మంచి ఏడు ఆ ఆంక్ష ఉండదు. తప్పుడు హెచ్చరికలూ వస్తాయి, అంచనా అన్నాక తప్పదు. పైన చెప్పిన అప్పుల సంగతి తేల్చకుండా ఇది కాగితం మీదే ఉండిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి కుటుంబానికి భృతి ఇస్తోంది, 2025లో దాన్ని 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచింది. ఈ భృతి క్యాలెండరుకు కట్టిన సొమ్ము, చేప ఉన్నా లేకపోయినా అంతే. దానిలో కొంత భాగాన్ని హెచ్చరిక వచ్చిన ఏటికి కేటాయిస్తే, కవళ్ల మీదే బతికే పడవకూ, వాటా కూలీకీ, గంపమ్మే ఆవిడకూ ఆ కొన్ని వారాలు ఒడ్డున ఉండే వీలు కలుగుతుంది. ఎవరి పేర్లు జాబితాలోకి ఎక్కుతాయన్నది అప్పుడు మొదటి తగువు అవుతుంది, పడవ ఉన్నవాళ్ల పేర్లే ఎక్కకుండా చూడటం దానిలో కష్టమైన భాగం.